చిన్నమ్మ పొదగేసిన పదకొండు గుడ్లు

కోళ్ళు పెంచుకోవాలని నేను అనుకున్న రోజు నుంచి మా ఇంట్లో నిజాలు తగ్గిపోయినాయి. తిరువళ్ళూరు చివర మేము కట్టుకున్న ఇంటికి వెనకాల నాలుగు నులక మంచాలు పట్టేంత దొడ్డి ఉంది. అందులో ఆరు పెట్టలు, ఒక పుంజు, ఇదీ నా ఏర్పాటు. ఒక నోటుబుక్కు కొని, గూడు ఎంత ఎత్తుండాల, వాకిలి ఏ దిక్కుకు పెట్టాల, నీళ్ళ చట్టి యాడుండాల, పిల్లి దూరకుండా వల ఎట్లా కట్టాల అని బొమ్మలు గీసుకున్నాను. ఫోన్లో వీడియోలు చూసినాను. ఒకాయన గూట్లో ఊక పరచమంటాడు, ఇంకొకాయన ఊక పరిస్తే కోడికి దగ్గొస్తుందంటాడు. ఈ గోలంతా చూసి మా ఇంటాయన, నీకు కోళ్ళ సంగతి ఏం తెలుసని అడిగినాడు. అక్కడ మొదలైంది. మా అవ్వ ఇంట్లో రెండు నూర్ల కోళ్ళుండేవని, పొద్దున గంపలెత్తితే అవన్నీ రోడ్డెక్కి తిరుత్తణి బస్సును ఆపేసేవని, డ్రైవరు దిగి మా అవ్వకు దండం పెట్టి దారి అడుక్కునేవాడని చెప్పినాను. మా చిన్న కూతురు నవ్వుకుంటా, అంత తెలిసినదానివి ఫోన్ చూసేదెందుకమ్మా అనింది.

నాకు ఏబై రెండేళ్ళు. బళ్ళో మధ్యాహ్న భోజనం చూసుకునే ఉద్యోగం. అన్నం ఉడికేలోపల పిల్లకాయలు ఆకలి మరిచిపోయేదానికి కతలు చెప్పడం నా ఉద్యోగంలో లేని పని, కానీ అదే ఎక్కువ చేసినాను. మీసాల చేప ఒకటి కాలవలో నా చెయ్యి పట్టుకుని ఊరు పేరడిగిందన్నది నా కతల్లో చాలా చిన్నది. రెండు నూర్ల కోళ్ళు కూడా అట్లాంటిదే. మా ఇంట్లో అప్పుడెప్పుడో కోళ్ళుండేవంట, తెగులొచ్చి పోయినాయంట. నేను కళ్ళారా చూసింది ఒక పెట్టను. దాని కింద పదకొండు గుడ్లను. ఆ గుడ్ల సంగతి మాత్రం నలభై ఏళ్ళకు పైగా ఎవరికీ కతగా కూడా చెప్పలేదు.

పోయిన నెల మా వీధికి ఆకుకూరలు తెచ్చే ఆమెతో నా ఏర్పాటు చెప్తే, నాటుకోళ్ళు కావాలంటే పళ్ళిపట్టు పోవాలనింది. అక్కడ వల్లెమ్మ అని ఒక ముసలామె ఉంది, ఆమె గుడ్లు ఒక్కటీ పిల్ల కాకుండా వీగిపోదు, కొత్తగా పెంచేవాళ్ళకు ఆమే గుడ్లూ ఇస్తుంది, దారీ చెప్తుంది అనింది. ఆ పేరు వినగానే చేతిలో ఉన్న కూరాకు కట్ట కింద పడింది. మా చిన్నాయన పెళ్ళాం పేరు వల్లెమ్మ. పళ్ళిపట్టు ఆమె పుట్టిల్లు. తెల్లారి బస్సెక్కినాను. కనకమ్మ సత్రం దగ్గర బస్సు ఆగినప్పుడు కిటికీలోంచి చూస్తే, నేను పుట్టి పెరిగిన ఇల్లు ఉన్న దిక్కున సిమెంటు మూటలు పెట్టుకునే షెడ్డు ఒకటి కనిపించింది. బస్సు అక్కడ రెండు నిమిషాలే ఆగుతుంది. నాకు మాత్రం అక్కడే దిగిపోయినట్టయింది.

ఆ ఇంట్లో పొద్దు పొడిచేది వాసనతో. అవ్వ పేడనీళ్ళు చల్లిన వాసన, దాని వెనకాలే కాగులో ఉడికే వడ్ల వాసన, ఆ రెండిటినీ తొక్కుకుంటా వచ్చే అవ్వ పొగాకు వాసన. మా అవ్వకు రెండు కళ్ళలోనూ పొర వచ్చేసింది. మనిషిని మొహం చూసి కాదు, అడుగుల చప్పుడుతో పోల్చేది. అయినా ఇంట్లో ఆమెకు తెలియకుండా ఉప్పు గల్లు కూడా కదిలేది కాదు. నడుముకు తాళాల గుత్తి, నోట్లో పొగాకు కాడ, వడ్ల గుమ్మికి వీపు ఆనించి కూచుని ఎవరెవరు ఏమేం చెయ్యాలో చెప్పేది. మా నాయన, చిన్నాయన సేద్యం. మా అమ్మకు నలుగురు బిడ్డలం, నేను మూడోదాన్ని. చిన్నాయన అన్నిటికీ తల ఊపే మనిషి. ఎద్దు తల ఊపితే దానికి ఇష్టం లేదని తెలుస్తుంది. చిన్నాయన ఊపితే అదీ తెలిసేది కాదు.

వల్లెమ్మ చిన్నమ్మది అంగడి పెట్టుకున్న కుటుంబం. బెల్లం గట్టిదో మెత్తదో వేలితో కొట్టి చెప్పేది గానీ, ఏ ఎద్దు మేస్తుంది, ఏ కోడి గుడ్డు పెడుతుంది అన్నది ఆమెకు తెలియదు. మా ఇంటికి వచ్చి ఆరేళ్ళయినా సేద్యం ఇంట్లో కొత్త మనిషిలాగే ఉండేది. నా కతలను నమ్మిన మనిషి ఈ భూమ్మీద ఆమె ఒక్కతే. అమ్మకు చెబితే మొట్టికాయ, అవ్వకు చెబితే పొగాకు ఉమ్మి. చిన్నమ్మకు చెబితే పని ఆపి, గడ్డం కింద చెయ్యి పెట్టుకుని, తర్వాత అని అడిగేది. కోడికి అద్దం చూపిస్తే ఇంకో కోడి ఉందని పోటీ పడి దినానికి రెండు గుడ్లు పెడుతుందని చెప్పినాను. మా చిన్నాయన గడ్డం గీసుకునే అద్దం నాలుగు దినాలు కనపడలేదు. దొడ్లో పక్కింటి కోడి వచ్చి మేసే చోట ఆనించి పెట్టి ఉంది. అది చూసి అమ్మ నన్ను కొట్టింది, చిన్నమ్మ అడ్డమొచ్చి, పాప నిజంగానే యాడో చూసుంటుంది అక్కా అనింది.

మా వైపు ఒక పద్ధతి ఉండేది. ఇప్పటికీ కొన్ని ఇళ్ళల్లో ఉంది. మొలవాల్సింది ఏదైనా, పొదగాల్సింది ఏదైనా, మొదట బిడ్డల తల్లి చెయ్యి తగలాల. నారుమడికి మొదటి పిడికెడు వడ్లు చల్లేది మా అమ్మ. చిక్కుడు గింజ పెట్టేది అమ్మ. పక్కింటి కోడి పొదుగుకు వచ్చినా, గంపలో గుడ్లు పేర్చేదానికి అమ్మనే పిలుచుకుపోయేవాళ్ళు. నలుగురు బిడ్డల చెయ్యి అనేవాళ్ళు. కైరాసి అనేవాళ్ళు, చేతికుండే అదృష్టం. చిన్నమ్మ ఆ టైములో నీళ్ళు మోస్తానో, పొయ్యి ఊదుతానో ఇంకో పక్క ఉండేది. ఎవరూ పొమ్మని చెప్పేవాళ్ళు కాదు. ఆమే పోయేది. అదే పెద్ద మర్యాద అన్నట్టు అందరూ ఊరుకునేవాళ్ళు.

ఆ సంవత్సరం వెంగల్ నుంచి మనుషులు రావడం మొదలైంది. అక్కడ అవ్వకు వరసైన ఇంట్లో ఒక పిల్ల ఉంది. చిన్నాయనకు ఆ పిల్లను కూడా చేసుకుంటే ఇంట్లో దీపం పెట్టేదానికి ఒక బిడ్డ పుడుతుందని అవ్వ ఆలోచన. వల్లెమ్మను ఎవరూ పొమ్మనడం లేదు, ఆమె పాటికి ఆమె ఉండచ్చు అని కూడా అనింది అవ్వ. చిన్నాయన తల ఊపినాడు. చిన్నమ్మ ఆ మాట విన్న దినం మజ్జిగ చిలకతా ఉంది. కవ్వం ఆపలేదు. వెన్న వచ్చేసి, మళ్ళీ కరిగిపోయేదాకా చిలికింది.

తర్వాత వారంలోనే ఆమె కోళ్ళ మీద పడింది. అవ్వకు తెలిసిన ఇంటి నుంచి ఒక పెట్టను పాలుకు తెచ్చుకునింది. పాలు అంటే, కోడి వాళ్ళది, సాకేది మనం, పిల్లలొస్తే చెరిసగం. ఆ కోడి ఎర్రది, మెడ మీద ఈకలు లేవు. ఇక ఏర్పాట్లు చూడాల. దొడ్డి గోడ మీద బొగ్గుతో గూటి బొమ్మ గీసింది. కనిపించిన ఆడమనిషినల్లా అడిగింది. ఒకామె నూకలు పెట్టమంటే ఇంకొకామె సజ్జలు పెట్టమనేది. ఒకామె గంప ఇంట్లో పెట్టమంటే ఇంకొకామె పశువుల కొట్టంలో పెట్టమనేది. అన్నీ విని, రాత్రికి నన్ను పక్కన కూచోబెట్టుకుని నువ్వేమంటావు గిరిజా అని అడిగేది. తొమ్మిదేళ్ళ నన్ను. ఆమె లెక్కలో మొదటి విడత పదకొండు. అందులో ఐదు పెట్టలు నిలబడితే వచ్చే ఏడాదికి నలభై. గోడ మీద గీతలు పెరిగిపోయినాయి. పక్కింట్లో పుంజుకు దినం పిడికెడు నూకలు పోసి మా దొడ్డికి అలవాటు చేసింది. కోడి గుడ్డు పెట్టినప్పుడల్లా దాన్ని కొంగుతో తుడిచి, తవుడు పోసిన కుండలో దాచి, నాకు మాత్రం చూపించేది.

పదకొండో గుడ్డు పెట్టినాక కోడి పొదుగుకు వచ్చింది. రెక్కలు ఉబ్బించుకుని, దగ్గరికి పోతే కొర్రుమంటా, కూచున్న చోటు నుంచి లేవకుండా ఉంది. అవ్వ అలవాటుగా మా అమ్మను పిలిచి గంప సర్దమనింది. అప్పుడు చిన్నమ్మ వచ్చి అవ్వ ముందర నిలబడింది. నేను గుమ్మి పక్కన చింతపిక్కలు ఆడుకుంటా ఉన్నాను.

"అత్తా, ఒక్క తూరి నా చేత్తో ఏస్తాను," అనింది. "ఒక్క పిల్ల వచ్చినా చాలు. వస్తే వెంగల్ మాట ఇంట్లో ఎత్తకూడదు. రాకుంటే నువ్వు చెప్పినట్టు వింటాను."

అవ్వ చాలాసేపు పొగాకు నమిలింది. కోడి గుడ్డుకూ కొడుకు కాపురానికీ ముడేమిటని మీరనుకోవచ్చు. మా ఇంట్లో ఎవరూ అట్లా అనుకోలేదు. అవ్వ అనుకోలేదు, అమ్మ అనుకోలేదు, అడిగిన చిన్నమ్మ కూడా అనుకోలేదు. చేతిలో ఉంటే గుడ్డుకైనా ఒకటే, కడుపుకైనా ఒకటే. శుక్రవారం ఏస్తువులే అనింది అవ్వ.

ఇక నేను చేసిన పని. ఊరి రోడ్డు మీద ఒక అంగడి ఉండేది. అందులో రేకు కప్ప ఒకటి వేలాడేది, కడుపు నొక్కితే టక్కుమనేది. దాని కోసం నేను కలవరించినాను. ఆ అంగడాయనకు మా ఇంట్లో నాటుగుడ్లు ఉన్నాయని ఎట్లా తెలిసిందంటే, నేనే చెప్పినాను. మా కోడి దినానికి నాలుగు పెడుతుందని గొప్పలు పోయినాను. ఆయన నవ్వి, ఆ గుడ్లు తెస్తే వాటికి బదులు అన్ని తెల్ల గుడ్లూ ఇస్తాను, పైన కప్పనూ ఇస్తానన్నాడు. ఆయన దగ్గర ఫారం గుడ్లు కొత్తగా వచ్చినాయి, తెల్లగా, అన్నీ ఒకే కొలతలో. ఇవి సైవం పాపా, శాకాహారం లెక్క, పుంజు మొహం చూడని గుడ్లు, అయ్యర్లు కూడా తినచ్చు అన్నాడు. అందులో నాకు అర్థమయింది తెలుపు ఒక్కటే. గుడ్డుకు గుడ్డు, దాని మీద కప్ప. గురువారం మధ్యాహ్నం అందరూ కలుపు తీసేదానికి పోయినప్పుడు తవుడు కుండ ఖాళీ చేసి, గంపలో మోసుకుపోయి మార్చుకుని వచ్చినాను. తెల్లవి మరీ తెల్లగా ఉన్నాయని టీ డికాక్షన్ కాచి అందులో నానబెట్టినాను. రంగు బాగా పట్టింది. ఆ తర్వాత, ఇప్పుడు చెప్తున్నట్టే అప్పుడూ నాకు నేను ఒక కత చెప్పుకున్నాను. తెల్ల గుడ్ల నుంచి తెల్ల కోళ్ళు వస్తాయి, పదకొండు తెల్ల కోళ్ళను చూసి ఊరంతా చిన్నమ్మ చెయ్యి ముద్దు పెట్టుకుంటుంది అని. కానీ కప్ప ముందర, ఆ కత తర్వాత. ఆ వరస నేను మార్చలేను.

శుక్రవారం పొద్దున చిన్నమ్మ తలకు పోసుకుని, తడి జుట్టుతోనే వచ్చింది. గంపలో ఇసుక పోసి, దాని మీద గడ్డి పరిచింది. దీపావళి వచ్చే ఐప్పసి నెల, ఉరుములు ఉరిమే కాలం. ఉరిమితే గుడ్లు వీగిపోతాయని అవ్వ తడుముకుంటా వచ్చి, ఒక ఇనుప మేకు, ఒక బొగ్గు ముక్క, ఒక ఎండు మిరపకాయ తన చేత్తోనే గంపలో పెట్టింది. అవ్వ చెడ్డది కాదు. ఆ మేకు ఆమె మనస్ఫూర్తిగానే పెట్టింది. చిన్నమ్మ ఒక్కొక్క గుడ్డూ రెండు చేతులతో తీసి పెట్టింది. ఒకదానికొకటి తగలకుండా, పడుకున్న బిడ్డను దించినట్టు. పదకొండూ పెట్టినాక అరచేతులు కళ్ళకద్దుకునింది. వాటికి కొంచెం టీ రంగు అంటుకుని ఉంది. ఆమె చూడలేదు. నేను చూసినాను.

ఏడో దినం గుడ్లను ఎండకు పట్టి చూడాల. పిడికిలిని గొట్టంలా చేసి, ఒక కొసకు గుడ్డు ఆనించి, ఇంకో కొస నుంచి చూస్తే, ప్రాణం ఉన్న గుడ్డులో ఎర్ర దారాలు కనిపిస్తాయి. అవ్వ కళ్ళకు పొర. చిన్నమ్మ ఎప్పుడూ చూసిన మనిషి కాదు, తన కన్ను తగలకూడదని దూరంగా నిలబడింది. అమ్మ వరిమడికి పోయింది. గిరిజ కండ్లు గద్ద కండ్లు, అదే చూస్తుంది అనింది అవ్వ. చూసినాను. మొదటి గుడ్డు నీళ్ళ మాదిరి తేటగా ఉంది. రెండోదీ అంతే. పదకొండూ అంతే. పుంజు మొహం చూడని గుడ్లు అని అంగడాయన అన్న మాట అప్పుడు గుర్తొచ్చింది. అర్థం కూడా అయిందనే చెప్పాల. పల్లెలో తొమ్మిదేళ్ళ పిల్లకు పుంజు ఎందుకో కొంచెం తెలిసే ఉంటుంది.

అప్పుడు చెప్పి ఉండాల్సింది. ఆ కోడి ఇంకా పొదుగు మీదే ఉంది. పక్కింట్లో నాలుగు మంచి గుడ్లు అడిగి తెచ్చి కింద పెట్టి ఉంటే అది కాదనేది కాదు. ఒక్క పిల్ల చాలనింది చిన్నమ్మ. నాకు మహా అంటే నాలుగు దెబ్బలు. చిన్నమ్మ గోడకు ఆనుకుని నా మొహంలోకే చూస్తా ఉంది. ఆ చూపుకు నేను ఎప్పుడూ కతే ఇచ్చినాను, ఇంకేమీ ఇవ్వడం నాకు చేతకాదు. దారాలున్నాయి అవ్వా, ఎర్రగా, చెట్టు వేర్ల మాదిరి అన్నాను. అన్నిట్లోనా అని అవ్వ అడిగింది. అన్నిట్లోనూ అన్నాను. ఒకదాంట్లో ముక్కు కూడా కనపడింది, సత్తియంగా, అని నెత్తిన చెయ్యి పెట్టుకున్నాను. ఏడో దినానికి ముక్కు ఎట్లా వస్తుందే అని అవ్వ నవ్వింది. చిన్నమ్మ నవ్వలేదు. కిందికి జారి కూచుని, కొంగు నోట్లో కుక్కుకుని ఏడ్చింది.

ఆ తర్వాత రెండు వారాలు నేను దినమూ కత చెప్పినాను. మొదలుపెట్టినాక ఆపడం ఎట్లాగో తెలియలేదు. ఇది పుంజు, బరువుగా ఉంది. ఇది చుక్కల పెట్ట. దీంట్లో ఎవరో తడతా ఉన్నారు, విను. చిన్నమ్మ గుడ్డును చెవికి పెట్టుకుని కళ్ళు మూసుకుని వినేది. అవును గిరిజా, వినిపిస్తా ఉండాది అనేది. ఆమెకు ఏం వినిపించిందో నాకిప్పటికీ తెలియదు. పంతొమ్మిదో దినం ఆమె చేను గట్టుకు పోయి, కుండలో తడి గోనె, పేడ కుక్కి బోర్లించి వచ్చింది. అట్లా పెడితే రెండు దినాలకు కుండ నిండా చెదలు పడతాయి, కొత్త పిల్లలకు అంతకు మించిన మేత లేదని ఎవరో చెప్పినారు. ఇరవై ఒకటో దినం పొద్దున ఆ కుండను నెత్తిన పెట్టుకుని తెచ్చింది. లోపల చెదలు తెల్లగా కుప్పలుగా ఉన్నాయి. గంప పక్కన దించి, కూచునింది.

ఇరవై రెండు. ఇరవై మూడు. వానకాలంలో ఒకటి రెండు దినాలు అటూ ఇటూ అవుతుందనింది అవ్వ. ఇరవై ఐదో దినం అమ్మను పిలిచి ఒక గుడ్డు పగలగొట్టమనింది. నీళ్ళు. ఇంకోటి పగలగొడితే దొడ్డంతా కంపు. అమ్మ మూడోదానితో ఆపేసింది, ఇంక నా వల్ల కాదు అత్తా అనింది. కోడి ఎముకలు తేలిపోయి, మెడ వాలిపోయి, అయినా మిగిలిన గుడ్ల మీద నుంచి లేవలేదు. చిన్నమ్మ రెండు చేతులతో దాన్ని పైకెత్తి, చెదల కుండ దాని ముందర వంచింది. అంత సేపూ అవ్వ గోడకు మొహం తిప్పుకుని ఉంది. చివరికి, "ఆ చెయ్యి కడుక్కోని రా, వల్లీ, అన్నం తిందాం," అనింది. గట్టిగా కాదు, మెత్తగానే అనింది. అప్పుడు చెప్పచ్చు. అప్పుడైనా చెప్పచ్చు. నేను గుమ్మి వెనకాల నోరు మూసుకుని ఉన్నాను.

సంక్రాంతి దాటినాక వెంగల్ పిల్ల వచ్చింది. దానికి ముందే చిన్నాయన చిన్నమ్మను బస్సెక్కించి పళ్ళిపట్టులో దింపి వచ్చినాడు, కొన్ని దినాలు ఉండి వస్తుందని. ఆ కొన్ని దినాలు ఇంకా అయిపోలేదు. వెంగల్ పిన్నమ్మకూ పిల్లలు పుట్టలేదు. అప్పటికి అవ్వ లేదు. చిన్నాయన చెయ్యి ఎట్లాంటిదని ఎవరూ అడగలేదు. ఇప్పుడు తిరువళ్ళూరులో మా వీధి మలుపులో బిడ్డలు లేనివాళ్ళకు వైద్యం అని పెద్ద బోర్డు ఉంది, మొగుడూ పెళ్ళామూ ఇద్దరూ పోయి బెంచీ మీద కూచుంటారు. కోడిపిల్లల ఫారంలో గుడ్లు మిషన్లో పెడతారు, కరెంటు పొదుగుతుంది. కరెంటుకు బిడ్డలెందరని ఎవరూ అడగరు. ఆ బోర్డు కింద నుంచి దినమూ నడిచి పోతాను నేను.

పళ్ళిపట్టులో ఇల్లు వెతుక్కోవాల్సిన పని లేకపోయింది. కోళ్ళ వల్లెమ్మ అంటే బస్టాండులోనే చెప్పినారు. తమ్ముడి ఇంటి వెనకాల ఒక గది, దాని ముందర వేప నీడలో పాతిక కోళ్ళు. ఆమె చాటలో నూకలు చెరుగుతా ఉంది. జుట్టు పూర్తిగా నెరిసింది, వేళ్ళు వంకర తిరిగినాయి. పెళ్ళిళ్ళలో దూరం నుంచి రెండు సార్లు చూసి తప్పించుకున్నదాన్ని, ఇప్పుడు ఎదురుగా నిలబడినాను. పేరు చెప్పకముందే పోల్చింది.

"గిరిజానా. ఎంత లావైపోయినావే," అనింది. "ఆ మీసాల చేప బాగుండాదా?"

నాకు ఏడుపొచ్చింది, ఆమె నవ్వింది. కాఫీ ఇచ్చింది. మా అమ్మను గురించి, చిన్నాయనను గురించి అడిగింది. వెంగల్ ఆమెకు కూడా బిడ్డలు లేకపోయింది నా ఉసురు తగిలేమో అని చాలాసార్లు అనుకుంటాను గిరిజా, నేను ఏమీ అనుకోలేదు, మనసులో కూడా అనుకోలేదు అనింది. నేను తల వంచుకుని నా కోళ్ళ ఏర్పాటు చెప్పినాను. నోటుబుక్కు చూపించినాను. అన్నీ వివరంగా చెప్పింది. మొదట ఆరు వద్దు, మూడు చాలు. వాకిలి తూర్పుకు పెట్టు. నీళ్ళు దినం మార్చు. మొదటి విడతలో సగం పోయినా బాధపడబాక. ఇంత తెలిసిన మనిషి నేను చూసిన వీడియోల్లో ఒకరు కూడా లేరు. నా దగ్గర పొదుగుకు వచ్చిన కోడి ఒకటి ఉంది, దాన్నీ, దాని కింద పెట్టేదానికి తొమ్మిది గుడ్లనూ తీసుకుపో అనింది. ఇయ్యి చిన్నమ్మా అని సంచి చాపినాను. ఆమె చేతులు వెనక్కి తీసుకునింది.

"ఉండు, మునెమ్మ వస్తుంది. ముగ్గురు బిడ్డల తల్లి. ఇక్కడ గుడ్లు తీసేదీ పెట్టేదీ ఆమే. నేను మేత వేస్తాను, అంతే."

నలభై మూడేళ్ళు ఆమె తన కోళ్ళ గుడ్డును ఒక్కదాన్ని కూడా గంపలో పెట్టలేదు. అది నాకు అప్పుడు తెలిసింది. చెప్పాలని నేను పోలేదు, దాచుకుని రావాలనే పోయినాను. కానీ నోరు దానికదే తెరుచుకునింది. అంగడి, కప్ప, తెల్ల గుడ్లు, టీ డికాక్షన్, తేటగా ఉన్న పదకొండు, లేని ఎర్ర దారాలు, అన్నీ చెప్పినాను. ఒక్క మాట కూడా కలపలేదు. జీవితంలో మొదటిసారి ఏమీ కలపకుండా చెప్పినాను. నీ చేతిలో ఏమీ లేదు చిన్నమ్మా, తప్పంతా నాది అన్నాను.

ఆమె నూకల్లో రాయి ఏరి పక్కన పెట్టింది. నా మొహం చూసి మెల్లగా నవ్వింది. అవే కళ్ళు, అద్దం పెట్టి కోడిని పోటీకి నిలబెట్టిన కళ్ళు. కానీ అప్పుడు వాటిలో ఉన్నది ఇప్పుడు లేదు.

"ఎంత మంచిదానివే నువ్వు," అనింది. "నా మనసు చల్లబడాలని ఇంత దూరం అల్లుకోనొచ్చినావా."

"కత కాదు చిన్నమ్మా. నా బిడ్డల మీద ఒట్టు."

"ఒట్టు పెట్టబాక. ఆ పొద్దూ పెట్టినావు, ముక్కు కనపడిందని." కోపం లేదు ఆ మాటలో. నా చెయ్యి తట్టింది. "నీకేం తెలుసు అప్పుడు. నన్ను సంతోషపెట్టాలనే చెప్పినావు. ఇప్పుడూ అంతే."

చెప్పేదానికి నా దగ్గర ఉన్నదల్లా మాటలే, వాటిని నేనే ఖర్చు చేసేసినాను. ఆమె చాట మళ్ళీ ఒళ్ళోకి లాక్కునింది. కోళ్ళు కాళ్ళ చుట్టూ మూగినాయి. వాటికి పిడికెడు నూకలు చల్లి, "మునెమ్మ వచ్చేదానికి ఇంకా టైముండాది. ఆ కత ఇంకో తూరి చెప్పు గిరిజా. బాగుండాది వినేదానికి," అనింది.

చెప్పినాను. మొదటి నుంచి, ఆ వరసలోనే చెప్పినాను. తవుడు కుండ ఖాళీ చేసి తెల్ల గుడ్లు పెట్టిన చోటికి వచ్చేసరికి ఆమె చెరగడం ఆపి, కుడి చెయ్యి వెల్లకిలా తిప్పి, అరచెయ్యి చూసుకునింది. వేలితో మధ్యలో ఒక గీత తడిమింది. తర్వాత, అని అడిగింది. నేను చెప్పబోయేలోపల గేటు చప్పుడైంది. మునెమ్మ తడి చేతులు కొంగుకు తుడుచుకుంటా లోపలికి వచ్చింది. చిన్నమ్మ అరచెయ్యి మూసి, కొంగులో చుట్టుకుని లేచింది. గుడ్ల చట్టి ఎక్కడుందో మునెమ్మకు కళ్ళతోనే చూపించి, నా పక్క నుంచి గోడ దాకా నడిచిపోయి, మా వైపు వీపు పెట్టి నిలబడింది, తన చూపు కూడా పడకుండా నా గుడ్లన్నీ పిల్లలు కావాలని.